ఫైల్ షేరింగ్, కాపీరైట్, ఫ్రీ సాఫ్ట్‌వేర్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి జవాబులు భారత కాపీరైట్ చట్టం, 1957 ఆధారంగా ఇచ్చినవి. దానికి చివరి పెద్ద సవరణ 2012లో జరిగింది. మా పక్షం ముందే చెప్పేస్తాం: ఫ్రీ సాఫ్ట్‌వేర్ (ఉచితమని కాదు, కోడును చూసే, మార్చే, పంచే స్వేచ్ఛ ఇచ్చేది) పేరు చెప్పి పైరసీని వెనకేసుకొచ్చేవాళ్లతో మాకు పొత్తు కుదరదు. పైరసీని ఆపే పేరుతో కోర్టులూ నిర్మాతలూ ఇంటర్నెట్‌కు ఇష్టమొచ్చినట్టు తాళాలు వేస్తుంటే దానితోనూ కుదరదు.

సినిమా డౌన్‌లోడ్ చేసుకుని ఇంట్లో చూస్తే జైలేనా?

ఇంట్లో కూర్చుని చూసినవాళ్ల మీదికి పోలీసులు రావడం మన దగ్గర జరిగే పని కాదు. అలాగని చట్టం వదిలేసిందనీ అనలేం. డౌన్‌లోడ్ అంటే కాపీ చేయడమే, కాపీ చేసే హక్కు యజమానిది (సెక్షన్ 14, 51). ఇంకోవైపు సెక్షన్ 52(1)(ఎ) సొంత వాడకానికి న్యాయమైన వినియోగాన్ని అనుమతిస్తుంది. అసలు కాపీయే దొంగది అయినప్పుడు ఆ మినహాయింపు వర్తిస్తుందా అన్నది తేలని ప్రశ్న. ఒక్కటి మాత్రం స్పష్టం: కంప్యూటర్ ప్రోగ్రాములను ఆ మినహాయింపు నుంచి పేరుపెట్టి తీసేశారు. సినిమాకు పనికొచ్చే వాదన క్రాక్ చేసిన ఫోటోషాప్‌కు పనికిరాదు.

2016లో బ్లాక్ అయిన సైట్లను తెరిస్తే "చూసినా, డౌన్‌లోడ్ చేసినా మూడేళ్ల జైలు, 3 లక్షల జరిమానా" అనే నోటీసు కనపడేది. ఆ ఏడాది ఆగస్టులో బాంబే హైకోర్టు ఆ మాటలను మార్పించింది. చూడటం నేరం కాదని, పంపిణీ చేయడం, బహిరంగంగా ప్రదర్శించడం, అమ్మడం, అద్దెకివ్వడమే నేరమని వివరించింది. సెక్షన్ 63లో గరిష్ఠ జరిమానా 2 లక్షలే. భయపెట్టే తొందరలో అంకె కూడా సరిచూసుకోలేదన్నమాట.

పంపిణీ చేసినవాళ్ల సంగతి వేరు. సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. లాభం కోసం చేయలేదని తేలితే, తగిన కారణాలు రాసి కోర్టు శిక్ష తగ్గించవచ్చు. ఈ నేరానికి వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చని, బెయిలు హక్కుగా రాదని 2022 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంత చిన్న నేరానికి ఇంత పెద్ద కర్ర అవసరమా అని మాకు అనుమానమే. కానీ చట్టం ఇవాళ అలాగే ఉంది.

టొరెంట్ వాడటమే నేరమా?

కాదు. టొరెంట్ల వెనకున్న బిట్‌టొరెంట్ 2001లో బ్రామ్ కోహెన్ రాసిన, ఫైళ్లు పంచుకునే ఒక పద్ధతి, అంతే. ఉబుంటు, డెబియన్, లిబ్రెఆఫీస్ తమ ఫైళ్లను అధికారికంగా టొరెంట్లలో ఇస్తాయి. అసలు చిక్కు అది పనిచేసే తీరులో ఉంది. ఫైలు చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది. మీకు చేరిన ముక్కను మీ కంప్యూటర్ అప్పటికప్పుడే మరొకరికి పంపుతుంది. అంటే సినిమా టొరెంట్ దించుకుంటున్నవాళ్లు "నేను డౌన్‌లోడ్ మాత్రమే చేశాను" అనలేరు. బాంబే హైకోర్టు నేరమన్నది పంపిణీని, ఆ పంపిణీ మొదటి ముక్క నుంచే మొదలైంది. పైగా ఆ ఫైలును పంచుకుంటున్న గుంపులో ప్రతి ఒక్కరికీ మీ ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే అంకె) కనిపిస్తుంది.

"హ్యాష్ సరిపోయింది" అంటే ఫైలు నమ్మదగినదేనా?

టొరెంట్ ఫైల్లో ప్రతి ముక్కకూ ఒక హ్యాష్, అంటే ఆ ముక్క నుంచి లెక్కకట్టిన వేలిముద్ర లాంటి విలువ, ఉంటుంది (పాత పద్ధతిలో ఎస్‌హెచ్‌ఏ-1, కొత్తదానిలో ఎస్‌హెచ్‌ఏ-256). సరిపోని ముక్కను మీ టొరెంట్ ప్రోగ్రాము పారేసి మళ్లీ తెచ్చుకుంటుంది. దీనివల్ల తెలిసేది ఒక్కటే: టొరెంట్ తయారుచేసినవాడు పెట్టిందే మీకు చేరింది. వాడు వైరస్ పెట్టి ఉంటే ఆ వైరస్ చెక్కుచెదరకుండా చేరుతుంది.

లినక్స్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసుకునే ఫైలు) దించుకున్నప్పుడు చేయాల్సింది ఇది. టొరెంట్ ఎక్కడి నుంచి తెచ్చుకున్నా ఎస్‌హెచ్‌ఏ-256 విలువను మాత్రం ఆ సంస్థ సొంత సైటు నుంచి తీసుకోండి. లినక్స్‌లో ఎస్‌హెచ్‌ఏ256సమ్, విండోస్‌లో సర్ట్‌యుటిల్ ఆ విలువను లెక్కకట్టి చూపిస్తాయి. రెండింటినీ మొదటి నాలుగు అక్షరాలతో సరిపెట్టకుండా మొత్తం పోల్చండి. ఇంకా గట్టి నమ్మకం కావాలంటే హ్యాష్ ఫైలు మీది జీపీజీ సంతకాన్ని (ఆ ఫైలు ఇచ్చింది ఆ సంస్థేనని రుజువు చేసే డిజిటల్ సంతకం) కూడా పరీక్షించండి.

సినిమా పేరుతో వచ్చే ఫైళ్లలో తరచూ కనిపించే మోసం ఇంకోటి ఉంది. విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరి తోకను దాచేస్తుంది. "ఎంపీ4" అని కనిపించేది వాస్తవంగా "ఎంపీ4.ఈఎక్స్ఈ" కావచ్చు. ఎక్స్‌ప్లోరర్‌లో పేరు చివర చూపించే సెట్టింగు ఆన్ చేసుకోండి. "ఈ వీడియోకు ఫలానా కోడెక్ కావాలి, ఇన్‌స్టాల్ చేయండి" అని అడిగే ఫైలును అక్కడికక్కడే తీసేయండి. వీఎల్‌సీలో ఆడని సినిమా మీకు అక్కర్లేదు.

లినక్స్ టొరెంట్ సీడ్ చేద్దామంటే (దించుకున్నది ఇతరులకు పంచుదామంటే) అప్‌లోడ్ కదలడం లేదు. ఎందుకు?

మొబైల్ నెట్‌వర్కులు, చాలా ఫైబర్ కనెక్షన్లు సీజీనాట్ వెనక ఉంటాయి. ఒకే బయటి ఐపీ చిరునామాను అనేక ఇళ్లు పంచుకుంటాయి కాబట్టి బయటివాళ్లు మీ కంప్యూటర్‌ను నేరుగా చేరలేరు. రూటర్‌లో పోర్టు తెరిచినా లాభం ఉండదు, తలుపు మీ రూటర్‌కు పైన మూసి ఉంది. మీ కనెక్షన్‌కు ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ చిరునామా) ఉంటే టొరెంట్ ప్రోగ్రాములో దాన్ని ఆన్ చేయండి, చాలాసార్లు అదే పరిష్కారం. అప్‌లోడ్ వేగాన్ని మీ లైను సామర్థ్యంలో 80 శాతం దగ్గర ఆపండి. పూర్తిగా వదిలేస్తే డౌన్‌లోడ్ కూడా ఊపిరాడక నెమ్మదిస్తుంది.

వీపీఎన్ ఉంటే దొరకం కదా?

వీపీఎన్ అంటే మీ అసలు ఐపీ చిరునామా కనపడకుండా తన సర్వర్ మీదుగా పంపే సేవ. అయినా 2022 ఏప్రిల్‌లో సర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ సంస్థలు చందాదారుల పేర్లు, ఐపీ చిరునామాల వంటి వివరాలను ఐదేళ్లు దాచాలి. ఇష్టంలేని కొన్ని కంపెనీలు భారత్‌లోని సర్వర్లు ఎత్తేశాయి. వీపీఎన్ వాడటం నేరం కాదు, పబ్లిక్ వైఫైలో మంచి అలవాటు కూడా. ఉచిత వీపీఎన్ మాత్రం మీ ట్రాఫిక్‌ను అమ్ముకుని బతికే అవకాశం ఉంది.

గ్రూప్స్, డీఎస్సీ మెటీరియల్ పీడీఎఫ్‌లు టెలిగ్రామ్‌లో పెడితే ఎవరు పట్టుకుంటారు?

పట్టుకుంటారు. ఒక కోచింగ్ మెటీరియల్ కేసులో 2022 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఆ ఛానెళ్లు నడిపేవారి ఫోన్ నంబర్లు, ఐపీ చిరునామాలు సహా వివరాలు ఇవ్వాలని టెలిగ్రామ్‌ను ఆదేశించింది. సర్వర్లు సింగపూర్‌లో ఉన్నాయన్న వాదన నిలబడలేదు. టెలిగ్రామ్ వివరాలు ఇచ్చింది. ఛానెల్‌కు మారుపేరు పెట్టుకున్నా, అకౌంటు ఫోన్ నంబరుతోనే తెరిచారు కదా.

తరగతిలో పాఠం కోసమైతే వేరే దారి ఉంది. బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ చేసే కాపీని సెక్షన్ 52(1)(ఐ) అనుమతిస్తుంది. ఢిల్లీ యూనివర్సిటీ ఆవరణలోని జిరాక్స్ షాపు మీద పెద్ద ప్రచురణ సంస్థలు వేసిన కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు విద్యార్థుల పక్షానే నిలిచింది. పాఠానికి అవసరమైన అధ్యాయాలను పుస్తకాల్లోంచి తీసి కలిపి కోర్సు ప్యాక్ చేయడం తప్పు కాదంది. మా లెక్కలో గత పాతికేళ్లలో ఈ చట్టం మీద వచ్చిన మంచి తీర్పుల్లో ఇదొకటి. కానీ అది లెక్చరర్‌కూ క్లాసుకూ సంబంధించినది, లక్షమంది ఉన్న ఛానెల్‌కు కాదు.

పరిశోధన పత్రాలు కొనే స్తోమత లేదు. సై-హబ్ (డబ్బు కట్టి చదవాల్సిన పత్రాలను ఉచితంగా ఇచ్చే సైటు) వాడటం కూడా తప్పేనా?

ఈ విషయంలో మా సానుభూతి పాఠకుడి వైపే. ప్రజాధనంతో జరిగిన పరిశోధన ఫలితాన్ని చదవడానికి ప్రజలు మళ్లీ డబ్బు కట్టాలనడంలో న్యాయం లేదు. చట్టం మాత్రం ఆ వాదన వినదు. 2020 డిసెంబర్‌లో ప్రచురణ సంస్థలు ఢిల్లీ హైకోర్టులో కేసు వేశాయి, 2025 ఆగస్టులో సై-హబ్‌ను బ్లాక్ చేయాలని ఆదేశం వచ్చింది.

చట్టబద్ధమైన దారులు ఈమధ్య పెరిగాయి. 2025 జనవరి నుంచి "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" కింద 30 ప్రచురణ సంస్థల దాదాపు 13 వేల పత్రికలు ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందుతున్నాయి. మూడేళ్లకు కేటాయింపు 6 వేల కోట్లు. లోటు ఎక్కడంటే, తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ చదివేవాళ్లలో ఎక్కువమంది ప్రైవేటు కాలేజీల్లో ఉన్నారు, పథకం మొదలైంది ప్రభుత్వ సంస్థలతో. బయటున్నవాళ్లు ముందు ఆర్‌కైవ్ (arXiv) లాంటి చోట్ల ప్రీప్రింట్ (పత్రికలో అచ్చుకు ముందు రచయితలే పెట్టే ప్రతి) ఉందేమో చూడండి, తర్వాత చట్టబద్ధమైన ఉచిత ప్రతిని వెతికిపెట్టే అన్‌పేవాల్ బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ ప్రయత్నించండి. దొరక్కపోతే పత్రం రాసినవారికే రెండు వాక్యాల ఈమెయిల్ రాయండి. చాలామంది సంతోషంగా పంపుతారు.

సైట్లు బ్లాక్ చేస్తే పైరసీ ఆగుతుందా?

ఆగదు, కాసేపు కుంటుతుంది. 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు "డైనమిక్" నిషేధాన్ని తెచ్చింది. బ్లాక్ అయిన సైటు కొత్త పేరుతో వస్తే మళ్లీ కొత్త కేసు అక్కర్లేదు, పాత ఆదేశాన్నే దానికీ చాపవచ్చు. 2023లో అది ఇంకా రాబోయే సినిమాలకు కూడా విస్తరించింది. అదే ఏడాది సినిమాటోగ్రాఫ్ చట్టం సవరణతో థియేటర్లో రికార్డు చేస్తే 3 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 3 లక్షల నుంచి సినిమా స్థూల నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా జరిమానా పెట్టారు.

కెమెరా ప్రింటు ఆపడానికి ఆ చట్టం పనికొస్తుంది. కానీ నిర్మాతకు ఎక్కువ నష్టం చేసే లీకులు హాల్లోంచి రావు. 2013 సెప్టెంబర్‌లో "అత్తారింటికి దారేది" విడుదలకు ముందే గంటన్నర దాకా బయటికి వచ్చింది, నిర్మాతలు అనుకున్న తేదీకన్నా త్వరగా విడుదల చేసుకోవాల్సి వచ్చింది. అది లోపలి నుంచే జారింది. ఎడిటింగ్, డబ్బింగ్, గ్రాఫిక్స్, సెన్సార్ కాపీ ఇలా చేతులు మారే ప్రతిచోటా విడి వాటర్‌మార్కు వేయడం, ప్రతి కాపీ ఎవరి దగ్గరుందో రాసిపెట్టుకోవడం వెయ్యి సైట్లను మూయించడంకన్నా చవక.

బ్లాక్ చేసే పద్ధతితో మాకున్న గొడవ ఇది: ఎదుటివాడి పేరు తెలియకపోయినా "అశోక్ కుమార్" అనే ఊహాపురుషుడి మీద కేసు వేసి, వందల సైట్ల జాబితా ఇచ్చి, అవతలి వాదన వినకుండానే ఆదేశం తెచ్చుకుంటారు. 2012లో ఇలాంటి ఆదేశంతో విమియో అనే వీడియో సైటు మన దేశంలో మొత్తం మూతపడింది. తర్వాత మద్రాస్ హైకోర్టు, తప్పున్న లింకుల వరకే ఆపాలని సవరించింది. 2017 ఆగస్టులో రెండున్నర వేలకు పైగా సైట్ల జాబితాలో ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా చేరి దేశమంతా ఆగిపోయింది. వేలాది పాత తెలుగు పుస్తకాల స్కాన్లు ఉన్న చోటు అది. రెండు హిందీ సినిమాలను కాపాడబోయి వీరేశలింగాన్ని మూసేశారు.

పాత పుస్తకం స్కాన్ చేసి పెట్టొచ్చా? ఎంత పాతదైతే చాలు?

రచయిత చనిపోయిన ఏడాది చూడండి. దానికి 60 కలపండి. ఆ ఏడాది డిసెంబర్ 31తో హక్కు ముగుస్తుంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో పోయారు, ఆయన కథలు 2022 జనవరి 1 నుంచి అందరివీ. విశ్వనాథ (1976) కోసం 2036 చివరిదాకా, చలం (1979) కోసం 2039 చివరిదాకా, శ్రీశ్రీ (1983) కోసం 2043 చివరిదాకా ఆగాలి. ఈ గడువు మొదట 50 ఏళ్లే. రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల హక్కు 1991తో తీరిపోతుందని గడువును 60కి పొడిగించారు. ఒక్కరి కోసం వేసిన ఆ పదేళ్లు అన్ని భాషల రచయితలకూ అంటుకున్నాయి.

జాగ్రత్త పడాల్సినవి కొన్ని ఉన్నాయి. రచయిత పోయాక మొదటిసారి అచ్చయిన రచనకు 60 ఏళ్లు అచ్చయిన ఏడాది నుంచి లెక్క. అనువాదానికి అనువాదకుడి లెక్క వేరు. కొత్త ముద్రణలోని పీఠిక, బొమ్మలు, టీక ఇంకొకరివి. అందుకే వీలైతే పాత ముద్రణనే స్కాన్ చేయండి. మూడు వందల డీపీఐ, గ్రేస్కేల్ చాలు. తర్వాత తెలుగు వికీసోర్స్‌లో ఎక్కిస్తే అచ్చు దిద్దే పని నలుగురు పంచుకుంటారు.

అయితే 1957 సినిమాను యూట్యూబ్‌లో పెట్టేయొచ్చా?

సినిమాకు విడుదలైన ఏడాది నుంచి 60 ఏళ్లు. "మాయాబజార్" సినిమా మీది హక్కు ఆ లెక్కన 2017తో ముగిసింది. కానీ సినిమాలో ఒకటికి నాలుగు హక్కులుంటాయి. పాటలు, మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు, ఆ రచనల మీది హక్కు 2031 చివరిదాకా ఉన్నట్టే. 2010లో వచ్చిన రంగుల ప్రింటు మీద వేరే వాదన వస్తుంది. పైగా యూట్యూబ్ ఆటోమేటిక్ వ్యవస్థ చట్టం చదవదు, ఆడియో సరిపోతే క్లెయిమ్ వేస్తుంది. వివాదం పెడితే అవతలివారికి జవాబివ్వడానికి 30 రోజుల గడువు. క్లెయిమ్ వేరు, తొలగింపు నోటీసు వేరు. రెండోదానితోనే స్ట్రైక్ పడుతుంది. 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే పోవచ్చు.

నా రాతను ఎవరో కాపీ చేసి పెట్టారు. ఏం చేయాలి?

కాపీరైట్ పుట్టడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, రాసిన క్షణం నుంచే ఉంది. ముందు స్క్రీన్‌షాట్లు, లింకులు, తేదీలు భద్రపరచండి. కాపీరైట్ నియమాలు, 2013లోని 75వ నియమం కింద ఆ సైటుకు రాతపూర్వక ఫిర్యాదు పంపండి. అందులో మీ రచన ఏది, అది మీదేననే ఆధారం, కాపీ ఉన్న కచ్చితమైన లింకు, 21 రోజుల్లో కోర్టుకు వెళ్తానన్న హామీ ఉండాలి. 36 గంటల్లో వారు ఆపాలి. 21 రోజుల్లో మీరు కోర్టు ఆదేశం చూపించకపోతే తిరిగి పెట్టుకోవచ్చు. చాలా ఫిర్యాదులు "నా పేజీ అంతా కాపీ కొట్టారు" అని రాసి లింకు ఇవ్వకపోవడం వల్ల బుట్టదాఖలవుతాయి.

డీటీపీ సెంటర్లో క్రాక్ సాఫ్ట్‌వేర్‌తోనే పని నడుస్తోంది. నష్టమేమిటి?

తెలిసీ వాడితే సెక్షన్ 63బి: 7 రోజుల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. వ్యాపారం కోసం వాడలేదని తేలితే జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో వదలవచ్చు. డీటీపీ సెంటరుకు ఆ వెసులుబాటు రాదు.

మారదామంటే అడ్డం వచ్చేది ధర కాదు, ఫాంట్లు. పాత డీటీపీ ఫాంట్లు తెలుగు అక్షరాల బొమ్మలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాచుకుంటాయి. ఫాంటు తీసేస్తే మిగిలేది అర్థంలేని గుర్తులు. అందుకే వాటిని వెతకలేం, వెబ్‌లో పెట్టలేం. దారి ఇది: పాత ఫైళ్లలోని పాఠాన్ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చండి. మార్చాక వత్తులు, క్రారవడి, "క్ష", సున్నా పక్కన వచ్చే అంకెలు కంటితో సరిచూడండి, ఎక్కువ తప్పులు అక్కడే. పేజీ కూర్పుకు స్క్రైబస్ 1.6 తీసుకోండి. పాత 1.4లో తెలుగు గుణింతాలు విడిపోతాయి. పోస్టర్లకు ఇంక్‌స్కేప్, ఉత్తరాలకు లిబ్రెఆఫీస్. ముద్రణాలయానికి పీడీఎఫ్ ఇచ్చేటప్పుడు ఫాంట్లు పొదగడం మరవకండి.

ఫాంట్లకు కొదవ లేదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, సురన్న, గిడుగు, ధూర్జటి వంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. పుస్తకాల్లో వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్ముకోవచ్చు. ఫాంటును మాత్రం విడిగా అమ్మకూడదు. పనిని ఒకేసారి మార్చకండి. కొత్త పనులు కొత్త పద్ధతిలో మొదలుపెట్టి, పాత మెషీన్‌ను పాత ఫైళ్లు తెరవడానికి మాత్రం ఉంచుకోండి, దానికైనా లైసెన్సు కొనండి.

కాపీరైట్ వద్దనేవాళ్లు జీపీఎల్‌ను ఎలా సమర్థిస్తారు?

సమర్థించలేరు. జీపీఎల్ అంటే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువగా వాడే లైసెన్సు, దానికి బలమంతా కాపీరైటే. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్మన్ 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించినప్పుడు, 1989లో మొదటి జీపీఎల్ వచ్చినప్పుడు చేసిన తెలివైన పని ఇదే. కాపీ చేసుకో, మార్చుకో, అమ్ముకో, కానీ ఇచ్చేటప్పుడు సోర్సు కోడు (మనుషులు చదివి మార్చగల రూపం) కూడా ఇవ్వు, అవే హక్కులు ఇవ్వు అన్నారు. ఈ షరతు దాటినవాడు అనుమతి లేకుండా కాపీ చేసినవాడవుతాడు. రేపు కాపీరైట్ రద్దయితే ఏ కంపెనీ అయినా లినక్స్ కెర్నల్‌ను తీసుకుని మార్పులు దాచుకోవచ్చు, అడిగే హక్కు ఎవరికీ ఉండదు. మేం కోరేది రద్దు కాదు: గడువు తగ్గాలి, జైలు బదులు పరిహారం ఉండాలి, లైబ్రరీలకూ బడులకూ మినహాయింపులు పెరగాలి.

మా కంపెనీ ఉత్పత్తిలో జీపీఎల్ కోడు ఉంది. ఏం చేయాలి?

అమ్మకం ఆపనక్కర్లేదు. వినియోగదారుకు బైనరీ (కంప్యూటర్ నడిపే రూపం) ఇస్తున్నారంటే దాని సోర్సు కూడా ఇవ్వాలి. జీపీఎల్ 2 కింద పరికరంతోపాటు ఇవ్వవచ్చు, లేదా కనీసం మూడేళ్లు చెల్లే రాతపూర్వక హామీ ఇవ్వవచ్చు. "మేం ఏమీ మార్చలేదు, గిట్‌హబ్‌లో ఉంది చూసుకోండి" అన్నది చెల్లదు. మీరు వాడిన అదే వెర్షన్, దాన్ని బిల్డ్ చేసే స్క్రిప్టులతో సహా ఉండాలి. తప్పు జరిగితే జీపీఎల్ 2లో హక్కులు వెంటనే పోతాయి. 2007 నాటి జీపీఎల్ 3 కొంచెం కనికరం చూపింది: మొదటిసారి నోటీసు వచ్చిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే హక్కులు తిరిగొస్తాయి. సర్వర్లో మాత్రమే నడిపే కోడుకు జీపీఎల్‌లోని సోర్సు ఇచ్చే షరతు వర్తించదు, దాని కఠిన రూపమైన ఏజీపీఎల్ అయితే మార్చి నడిపేవాళ్లు వాడుకరులకు సోర్సు ఇవ్వాల్సిందే. బిల్డులో వాడే ప్రతి లైబ్రరీ పేరు, వెర్షన్, లైసెన్సు ఒక పట్టికలో రాయండి. విడుదలకు ముందు రోజు రాత్రి చేసే పని కాదిది.

ఫ్రీలాన్స్‌గా రాసిచ్చిన కోడు ఎవరిది?

ఉద్యోగి రాసింది యజమానిది (సెక్షన్ 17). ఫ్రీలాన్సర్ రాసింది, వేరే ఒప్పందం లేకపోతే, ఫ్రీలాన్సర్‌దే. డబ్బు కట్టించుకున్నంత మాత్రాన క్లయింటుకు పోదు. హక్కుల బదిలీ రాతలో, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని చట్టమే అనుకుంటుంది. హైదరాబాద్‌లో రాసి అమెరికా కంపెనీకి ఇచ్చేవాళ్లు ఈ రెండూ ఖాళీ వదిలేస్తే తర్వాత ఇద్దరికీ చిక్కే. కోడును ఫ్రీ సాఫ్ట్‌వేర్‌గా విడుదల చేద్దామనుకుంటే ఆ మాట కూడా ఒప్పందంలోనే రాయించుకోండి, ఆపైన రిపాజిటరీలో లైసెన్సు పూర్తి పాఠం, ప్రతి ఫైలు తల మీద పేరు, ఏడాది పెట్టండి. లైసెన్సు పెట్టని కోడు కళ్లకు కనిపిస్తున్నా దాన్ని వాడుకునే హక్కు ఎవరికీ లేదు.